ఇంటిల్లిపాదికీ ఒకే కథ

పాఠం చదివే ముందు

మీరు ఇప్పుడు చదవబోయేది ఒక అభిప్రాయ వ్యాసం. ఇలాంటి వ్యాసంలో రచయిత ఒక విషయంపై తన పక్షం ఏమిటో చెబుతారు. అందుకు కారణాలు, ఉదాహరణలు చూపుతారు. ఎదుటి పక్షంవారి అభ్యంతరాలకు సమాధానం చెబుతారు. చదివేటప్పుడు ఈ మూడింటినీ గుర్తిస్తూ వెళ్లండి. చివరికి మీరు నాతో ఏకీభవించాలన్న నియమం ఏమీ లేదు. ఏకీభవించకపోతే, ఎందుకు ఏకీభవించడం లేదో చెప్పగలిగితే చాలు.

1. విషయం ఏమిటి?

రాక్షసులు, మాంత్రికులు, ఎగిరే తివాచీలు, మాట్లాడే బొమ్మలు ఉన్న కథలంటే ఇష్టం లేనివారు అరుదు. ఇలాంటి అద్భుత కథలు పుస్తకాల్లో ఉన్నాయి, సినిమాల్లో ఉన్నాయి, టెలివిజన్ ధారావాహికల్లోనూ ఉన్నాయి. ఒకప్పుడు ఊరికి ఒకటో రెండో టీవీలు ఉండేవి. ఆదివారం ఉదయం పిల్లలు, పెద్దలు, పక్కింటివాళ్లు కూడా ఒకే గదిలో చేరి చూసేవారు. నేడు ఇంట్లో నలుగురుంటే, వీలున్నచోట నాలుగు ఫోన్లు ఉంటున్నాయి. నలుగురూ నాలుగు మూలల్లో కూర్చుని నాలుగు కథలు చూస్తున్నారు. కథలకు కరువు లేదు. కథ గురించి ఇంట్లో మాట్లాడుకోవడమే తగ్గిపోయింది.

ఇంకొక విషయం కూడా ఉంది. పుస్తకం అనగానే చాలామందికి పరీక్ష గుర్తుకొస్తుంది. ‘చదువు’ అనేది బడికి వెళ్లేవారి పని, టీవీ అనేది అందరి పని అని ఇల్లు రెండుగా విడిపోతుంది. మీలో కొందరు మధ్యలో చదువు ఆపి, మళ్లీ మొదలుపెట్టినవారు. కొందరు పగలు పనిచేసి రాత్రి ఈ పుస్తకం తెరుస్తారు. మీ అమ్మగారికో, అత్తగారికో అక్షరాలు రాకపోవచ్చు. మీ పిల్లలు మీకంటే వేగంగా చదువుతూ ఉండవచ్చు. అలాంటి ఇంట్లో చదువుకునే వ్యక్తి ఒంటరి అవుతారు.

నా అభిప్రాయం ఇది: అద్భుత కథను పుస్తకంలోనూ తెరమీదా ఇంటిల్లిపాదీ కలిసి పంచుకోవాలి. పుస్తకాన్ని ఎవరో ఒకరు పైకి చదవాలి, మిగతావారు వినాలి. సినిమాను పక్కపక్కన కూర్చుని చూడాలి. తరువాత రెండింటి గురించీ మాట్లాడుకోవాలి. ఇలా చేస్తే చదువు వచ్చినవారికీ రానివారికీ మధ్య ఉన్న గోడ కొంతైనా కూలుతుంది. ఆ పని మొదలుపెట్టడానికి తగిన వ్యక్తి మీరే అని కూడా నేను అనుకుంటున్నాను.

2. మజిలీ కథ తెరమీదికి వచ్చింది

మొదట మనకు బాగా తెలిసిన ఉదాహరణ తీసుకుందాం. మధిర సుబ్బన్న దీక్షితులు (1868–1928) ‘కాశీ మజిలీ కథలు’ రాశారు. ఒక రోజు ప్రయాణం ముగిశాక ఆగే చోటును మజిలీ అంటారు. ఈ కథల్లో మణిసిద్ధుడనే యతి కాశీకి బయలుదేరుతాడు. తోడుగా ఒక పశువుల కాపరి కుర్రవాడు వెళతాడు. అయితే ఊరికే రాడు. దారిలో తాను చూసిన వింతల గురించి అడిగితే, ప్రతి మజిలీలోనూ కథ చెప్పాలని షరతు పెడతాడు. యతి ఒప్పుకుంటాడు. ఆ షరతు వల్లే అన్ని కథలు పుట్టాయి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. చెప్పేవాడు పండితుడు. వినేవాడు పశువుల కాపరి. కానీ ఏ కథ చెప్పాలో నిర్ణయించేది వినేవాడి ప్రశ్న. కుర్రవాడు అడగకపోతే యతి దగ్గరున్న కథలన్నీ యతి దగ్గరే ఉండిపోతాయి. ఇంట్లో కథ పంచుకోవడం ఎలా ఉండాలో దీక్షితులు గారి గ్రంథం తన కట్టుబడిలోనే చూపింది.

ఈ గ్రంథంలోని ఒక కథను ఆధారం చేసుకుని విజయా సంస్థ ‘పాతాళభైరవి’ చిత్రాన్ని నిర్మించింది. అది 1951లో విడుదలైంది. దర్శకుడు కె.వి.రెడ్డి. మాటలు, పాటలు పింగళి నాగేంద్రరావు రాశారు. అల్లావుద్దీన్ కథ ఛాయలు కూడా అందులో కనిపిస్తాయి. తోటమాలి కొడుకు రాముడు రాజకుమారిని ప్రేమిస్తాడు. ఆమెను పెళ్లాడాలంటే తనతో సమానమైన సంపద తెమ్మంటాడు రాజు. రాముడు నేపాళ మాంత్రికుడి వెంట వెళతాడు. మాంత్రికుడు తనను బలి ఇవ్వబోతున్నాడని తెలుసుకుని, అతణ్ణే బలి ఇచ్చి కోరిన వరాలిచ్చే ప్రతిమను దక్కించుకుంటాడు. కానీ కథ అక్కడితో ఆగదు. అప్పనంగా వచ్చిన మేడలూ, సంపదా అంత తేలిగ్గానూ పోతాయి.

ఈ చిత్ర నిర్మాతలైన నాగిరెడ్డి, చక్రపాణి గార్లు అంతకు నాలుగేళ్ల ముందు, 1947లో, ‘చందమామ’ పత్రికను ప్రారంభించినవారే. ఆ పత్రిక ఇప్పుడు వెలువడటం లేదు. కానీ తరతరాల పిల్లలకు చదివే అలవాటు చేసింది అదే. ఒకే చేతులు పిల్లల చేతికి కథల పత్రికను ఇచ్చాయి, తెరమీదికి జానపద కథను తెచ్చాయి. పుస్తకానికి సినిమా శత్రువు అనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

కాశీ మజిలీ కథల భాష గ్రాంథికం. ఈనాటి పిల్లవాడు ఒంటరిగా ఆ పుస్తకం పట్టుకుంటే మొదటి పుటలోనే ఆగిపోవచ్చు. సినిమా భాష అలా కాదు. తోటరాముడు, అంజిగాడు మాట్లాడే మాటలు పిల్లలకు తేలిగ్గా అర్థమవుతాయి. ముందుగా సినిమా చూసిన ఇంట్లో, ‘ఇలాంటి కథలు ఇంకా బోలెడు ఉన్నాయి, ఒకటి చదువుకుందామా?’ అని పెద్దవారు పుస్తకం తెరిస్తే, కష్టమైన భాష కూడా కొంత దారి ఇస్తుంది. చదివేవారు మధ్యమధ్య ఆగి వాడుక మాటల్లో చెప్పవచ్చు. అమ్మమ్మో, తాతయ్యో ఉంటే, మనకు తెలియని పాత మాటకు అర్థం వారే చెబుతారు. అక్షరం రాని అమ్మమ్మకు మాట తెలుసు. అక్షరం వచ్చిన మనవరాలికి మాట తెలియదు. ఇద్దరూ కలిస్తేనే ఆ వాక్యం పూర్తవుతుంది.

3. అక్షరాలు నేర్పిన నవల

ఇప్పుడు తెలుగు నాడు దాటి కాశీ ప్రాంతానికే వెళదాం. దేవకీనందన్ ఖత్రీ (1861–1913) అనే రచయితకు చకియా, నౌగఢ్ అడవుల్లో కాంట్రాక్టు పని ఉండేది. అక్కడి కొండలు, లోయలు, పాడుబడిన కోటల మధ్య ఆయన తిరిగారు. ఆ అనుభవం నుంచే ‘చంద్రకాంత’ అనే హిందీ నవల పుట్టింది. అది 1888లో వెలువడింది. విజయగఢ్ రాజకుమారి చంద్రకాంత, నౌగఢ్ రాజకుమారుడు వీరేంద్రసింగ్ ప్రేమించుకుంటారు. మంత్రి కొడుకు క్రూరసింగ్ వారికి అడ్డుపడతాడు. ఆ తరువాత వచ్చేవన్నీ ఎత్తులు, పై ఎత్తులు, మారువేషాలు, చెరలు, విడుదలలు.

ఈ నవలలో అసలైన ఆకర్షణ ‘అయ్యార్లు’. వీరు మారువేషాల్లో ఆరితేరిన గూఢచారులు. భుజాన ఒక సంచి ఉంటుంది. అందులో స్పృహ తప్పించే మందు, స్పృహ తెప్పించే మందు, వేషం మార్చుకునే సామగ్రి ఉంటాయి. వీరిలో ఆడవారు కూడా ఉన్నారు. చంద్రకాంత చెలికత్తె చపల అలాంటి నేర్పరి. రెండో ఆకర్షణ ‘తిలిస్మ్’. అంటే లోపలికి వెళ్లినవాడు బయటపడలేని మాయాకట్టడం. అంతకు ముందున్న ఉర్దూ దాస్తాన్లలో తిలిస్మ్ మంత్రగాళ్ల సృష్టి. ఖత్రీ కథలో ఆ వింతలు చాలావరకు యంత్రాల వల్ల, మందుల వల్ల, కట్టడంలోని నేర్పు వల్ల జరుగుతాయి.

హిందీ సాహిత్య చరిత్ర రాసిన రామచంద్ర శుక్ల ఈ నవలల గురించి రెండు మాటలు చెప్పారు. ఇవి సంఘటనల మీదే నడిచే కథలు కాబట్టి వీటిని గొప్ప సాహిత్యంగా లెక్కించలేమన్నారు. అయితే ఖత్రీ తయారుచేసినంతమంది పాఠకులను మరే రచయితా తయారుచేయలేదనీ, ఉర్దూ మాత్రమే తెలిసిన ఎందరో ‘చంద్రకాంత’ చదవడం కోసమే హిందీ నేర్చుకున్నారనీ కూడా ఆయనే రాశారు. అభ్యాసకులుగా మీకు రెండో మాట చాలా ముఖ్యం. తరువాత ఏం జరుగుతుందో తెలుసుకోవాలన్న ఆత్రుత పెద్దవాళ్ల చేత కొత్తగా అక్షరాలు దిద్దించింది! పండితులు పక్కన పెట్టిన పుస్తకమే పామరులకు చదువు చెప్పింది.

సుమారు ఒక శతాబ్దం తరువాత, 1994 నుంచి 1996 వరకు, దూరదర్శన్‌లో ‘చంద్రకాంత’ ధారావాహిక వచ్చింది. దర్శకురాలు నీరజా గులేరి. దేశమంతటా ఆదివారం ఉదయం ఇళ్లలో అదే మోగేది. అయితే ధారావాహిక నవలను చాలాచోట్ల విడిచిపెట్టి తన దారిన తాను వెళ్లింది. నవలలో లేని పాత్రలు వచ్చాయి, మాయలు పెరిగాయి. క్రూరసింగ్ వేషం, అతని ఊతపదం పిల్లల నోళ్లలో నానాయి. నవలలో యంత్రంగా ఉన్నది తెరమీద తరచు మాయగా మారింది. ఇది మంచి మార్పా, చెడ్డ మార్పా? దీనికి జవాబు నేను చెప్పను. మీ ఇంట్లో రెండూ తెలిసినవారు ఇద్దరుంటే ఒక సాయంత్రమంతా దీని మీద వాదించుకోవచ్చు. నాకు కావలసింది ఆ వాదనే.

తెలుగు నాడు వెలుపల ముంబయిలోనో, సూరత్‌లోనో, ఖరగ్‌పూర్‌లోనో ఉన్న మన కుటుంబాలకు ఇలాంటి కథ మరో మేలు చేస్తుంది. అక్కడ పిల్లలకు హిందీ బాగా వస్తుంది, ఇంట్లో పెద్దవారికి రాకపోవచ్చు. హిందీ కథను మనవడు నాయనమ్మకు తెలుగులో చెప్పాలంటే తెలుగు మాటలు వెతుక్కోవాలి. వెతుక్కున్న మాట మరచిపోడు.

ఆగి ఆలోచించండి: మీరు చిన్నప్పుడు చూసిన ఒక అద్భుత కథను గుర్తు చేసుకోండి. దానికి మూలం పుస్తకమా? ఆ పుస్తకం మీరు చదివారా? మీ ఇంట్లో ఎవరైనా చదివారా?

4. తాత రాసిన కథ, మనవడు తీసిన సినిమా

కథను కుటుంబంలో పంచుకోవడానికి బెంగాల్ నుంచి ఒక చక్కని ఉదాహరణ ఉంది. ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి 1913లో ‘సందేశ్’ అనే పిల్లల పత్రికను స్థాపించారు. 1915లో అందులో గూపీ, బాఘా అనే ఇద్దరి కథ రాశారు. ఒకడికి పాట రాదు, అయినా పాడతాడు. మరొకడికి డోలు రాదు, అయినా వాయిస్తాడు. జనం తరిమేస్తారు. అడవిలో దయ్యాలు వారిని మెచ్చి వరాలిస్తాయి.

ఉపేంద్రకిశోర్ మనవడే ప్రసిద్ధ దర్శకుడు సత్యజిత్ రాయ్. పిల్లలు చూడగలిగే సినిమా ఒకటి తీయమని కొడుకు సందీప్ అడగడంతో ఆయన తాతగారి కథను తీసుకున్నారు. 1969లో ‘గూపీ గాయెన్ బాఘా బాయెన్’ విడుదలైంది. సందీప్ పెద్దయ్యాక తానే దర్శకుడై 1990ల మొదట్లో గూపీ బాఘాల మీద మరో చిత్రం తీశారు. తాతగారు రాసిన కథ ముని మనవడి దాకా నడిచిందన్నమాట.

తాతగారి కథను రాయ్ ఉన్నదున్నట్లు తీయలేదు. దయ్యాల ఘట్టాన్ని ఆరు నిమిషాలకు పైగా సాగే నాట్యంగా పెంచారు. అందులో రాజులు, సామాన్యులు, తెల్లదొరలు, బాగా లావెక్కినవారు అని నాలుగు తెగల దయ్యాలుంటాయి. మాటలు లేవు. సంగీతానికి ఆయన మన దక్షిణాది వైపు చూశారు. మృదంగం, ఘటం, కంజీర, మోర్సింగ్ వాడారు. మన కచేరీల్లోని తాళవాద్యాలకు బెంగాలీ దయ్యాలు ఆడాయి!

తాత మీద గౌరవం లేక మార్చారని ఎవరూ అనలేరు. పెద్దల నుంచి వచ్చిన కథను మన కాలానికి, మన పిల్లలకు తగినట్లు మళ్లీ చెప్పడం కూడా గౌరవమే. మీ అమ్మమ్మ చెప్పిన కథను మీరు మీ పిల్లలకు చెప్పేటప్పుడు ఒక ముక్క తగ్గించి, మరో ముక్క కలపరా? రాయ్ చేసిందీ అదే.

5. ముందు పుస్తకమా, ముందు సినిమానా?

ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు. పుస్తకం చదివితే మనసులో ఒక్కొక్కరికి ఒక్కొక్క బొమ్మ ఏర్పడుతుంది. సినిమా అందరికీ ఒకే బొమ్మ చూపిస్తుంది. నేపాళ మాంత్రికుడు అనగానే తెలుగువారికి ఎస్.వి.రంగారావు ముఖం తప్ప మరొకటి తోచదు. అది ఆ నటుడి గొప్పతనం. కానీ ఒకసారి ముఖం చూశాక సొంత ముఖం ఊహించుకోవడం కష్టం. అందుకే, వీలైతే, సినిమా చూడబోయే ముందు పుస్తకంలోని మొదటి కొన్ని పుటలైనా పైకి చదవండి. ‘ఈ మనిషి ఎలా ఉంటాడనుకుంటున్నావు?’ అని ఒక్కొక్కరినీ అడగండి. తరువాత సినిమా చూడండి. తమ బొమ్మకూ తెరమీది బొమ్మకూ ఉన్న తేడాను పిల్లలే చెబుతారు.

చిన్నపిల్లలకు, కొత్తగా చదవడం నేర్చుకుంటున్న పెద్దలకు మాత్రం సినిమా ముందు రావచ్చు. కథ తెలిసి ఉంటే వాక్యం తడబడినా అర్థం చేతికి అందుతుంది.

తేడాలను వెతకడంలో ఎంత రుచి ఉందో ఒక విదేశీ ఉదాహరణ చూడండి. అమెరికా రచయిత ఎల్.ఫ్రాంక్ బామ్ 1900లో ఓజ్ అనే వింత దేశం కథ రాశారు. డొరొతి అనే పిల్ల సుడిగాలిలో కొట్టుకుపోయి అక్కడ పడుతుంది. 1939లో సినిమా వచ్చింది. పుస్తకంలో ఆమెకు దొరికినవి వెండి చెప్పులు. సినిమాలో అవి కెంపు రంగు చెప్పులయ్యాయి. అప్పటికి కొత్తగా ఉన్న టెక్నికలర్‌లో ఎరుపు బాగా మెరుస్తుందని మార్చారు. మరో తేడా ఇంకా పెద్దది. పుస్తకంలో ఓజ్ నిజంగానే ఉన్న దేశం. సినిమాలో అదంతా డొరొతి కన్న కలలా ముగుస్తుంది. ‘కల అని చెప్పడం బాగుందా, నిజమని చెప్పడం బాగుందా?’ అని పదేళ్ల పిల్లను అడిగి చూడండి. జవాబుకు కారణం కూడా చెబుతుంది. సాహిత్య విమర్శ అంటే భయపడనక్కర్లేదు. అది ఇక్కడే మొదలవుతుంది.

6. కొన్ని అభ్యంతరాలు

‘మాయలు మంత్రాల కథలు పిల్లల్లో మూఢనమ్మకాలు పెంచుతాయి’ అని కొందరంటారు. ఈ భయం నిరాధారమైనది కాదు. ఒంటరిగా చూసి, అడిగే దిక్కు లేని పిల్లవాడు నమ్మవచ్చు. కానీ పక్కన పెద్దవారు ఉండి, ‘ఇది నిజంగా జరుగుతుందా? కెమెరాతో ఎలా చేసి ఉంటారు?’ అని అడిగితే, అదే కథ ఆలోచన నేర్పుతుంది. ఖత్రీ తిలిస్మ్ వెనుక యంత్రం ఉందని తెలుసుకున్న పిల్ల, ఊళ్లో బాబా చేతిలో విభూతి పుట్టినప్పుడు కూడా యంత్రం కోసమే వెతుకుతుంది.

‘పాత కథల్లో రాజకుమారిని బహుమానంలా ఇస్తారు, నల్లనివాణ్ణి రాక్షసుడంటారు’ అని మరికొందరంటారు. నిజమే. అలాంటిచోట పుస్తకం మూసేయడం కంటే, ఆగి మాట్లాడటం మేలని నా అభిప్రాయం. ‘రాజకుమారిని ఎవరైనా అడిగారా?’ అన్న ప్రశ్న ఇంట్లోనే వినబడితే, ఆడపిల్లకు అది పెళ్లినాటి దాకా గుర్తుంటుంది. మగపిల్లవాడికీ గుర్తుండాలి.

‘మాకు తీరిక లేదు, పుస్తకాలు కొనే స్తోమత లేదు’ అన్నది మూడో అభ్యంతరం. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. పొద్దంతా పనిచేసి వచ్చినవారిని గంటసేపు చదవమనడం న్యాయం కాదు. పది నిమిషాలు చాలు. శాఖా గ్రంథాలయం దగ్గరలో ఉంటే అక్కడ అడగండి. పాత పుస్తకాల దుకాణాల్లో కథల పుస్తకాలు తక్కువ ధరకు దొరుకుతాయి.

7. ఇంట్లో ఎలా మొదలుపెట్టాలి?

రాత్రి భోజనాలయ్యాక పది నిమిషాలు కేటాయించండి. ఆ సమయంలో ఫోన్లన్నీ ఒక గూట్లో పెట్టండి. మీరు పైకి చదవండి. నెమ్మదిగా చదివితే సిగ్గుపడకండి. వినేవారికి నెమ్మదిగా చదివేవారే ఇష్టం. సరిగ్గా ఉత్కంఠ ఉన్నచోట ఆపండి. మరునాడు మిమ్మల్ని వారే పిలుస్తారు.

పిల్లలు చదువుతామంటే పుస్తకం వారి చేతికివ్వండి. తప్పు చదివిన ప్రతిసారీ దిద్దకండి. కథ వింటున్నప్పుడు మధ్యలో పరీక్ష పెట్టకండి. చదవడం రాని పెద్దవారిని, ‘ఇలాంటి కథ మీ చిన్నప్పుడు ఎలా చెప్పేవారు?’ అని అడగండి. పుస్తకంలో లేని కథ ఒకటి బయటికి వస్తుంది. దాన్ని మీ నోటుపుస్తకంలో రాసుకోండి.

సినిమా చూశాక మూడే ప్రశ్నలు వేసుకోండి. పుస్తకంలో ఉండి సినిమాలో లేనిది ఏమిటి? సినిమాలో కొత్తగా వచ్చింది ఏమిటి? ఎందుకు మార్చి ఉంటారు?

అభ్యాసకులారా! పరీక్ష రాయడానికి మీరు మళ్లీ పుస్తకం పట్టారు. మంచిదే. ఆ పుస్తకాన్ని ఇంటివారి మధ్యకు కూడా తీసుకురండి. మీరు పైకి చదివిన రోజున, ‘మా అమ్మాయి చదువుకుంటోంది’ అని దూరం నుంచి చెప్పుకునే తల్లి, ‘మేము కథ చదువుకుంటున్నాం’ అని చెబుతుంది. ఆ ‘మేము’ అన్న మాట కోసమే నేను ఈ వ్యాసం రాశాను.

మీరు చేయవలసినవి

1. ఈ వ్యాసంలో రచయిత పక్షం ఏమిటో రెండు వాక్యాల్లో రాయండి.

2. కాశీ మజిలీ కథల్లోని పశువుల కాపరి పెట్టిన షరతు ఏమిటి? రచయిత దానికి అంత ప్రాధాన్యం ఎందుకు ఇచ్చారు?

3. మూల కథను తెరమీద మార్చడం తప్పా? వ్యాసంలోని ఒక ఉదాహరణను, మీకు తెలిసిన మరో ఉదాహరణను చూపి మీ అభిప్రాయం రాయండి.

4. రచయితతో మీరు ఏకీభవించని అంశం ఒకటి ఎంచుకుని, కారణాలతో పది వాక్యాలు రాయండి. రాసినదాన్ని ఇంట్లో పైకి చదివి వినిపించండి.